పంచాయతీ కార్యాలయమున నెట్‌వర్క్ స్విచ్: అమరిక, నిర్వహణ

గ్రామ పంచాయతీ కార్యాలయమున రికార్డుల బీరువా, నోటీసు బోర్డు, బల్లలు, కుర్చీలు ఉండుట మన మెరిగినదే. ఇప్పుడు వాటి సరసన గోడకు బిగించిన చిన్న పెట్టె యొకటి చేరినది. దాని ముఖమున వరుసగా రంధ్రములు, వాటిలో తీగలు, ప్రతి రంధ్రము చెంత మినుకుమినుకుమను చిన్న దీపము. దీనినే నెట్‌వర్క్ స్విచ్ అందురు. కార్యాలయములోని కంప్యూటర్లు, ప్రింటరు, కెమెరాలు, వైఫై పరికరము దీని ద్వారానే ఒకదానితో నొకటి సంబంధము పెట్టుకొనుచున్నవి. దీని ద్వారానే ఇంటర్నెట్టును చేరుచున్నవి.

జనన మరణముల నమోదు, ఇంటిపన్ను లెక్క, ధ్రువపత్రముల జారీ వంటి పనులు నేడు కంప్యూటరు మీద జరుగుచున్నవి. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఇ-గ్రామస్వరాజ్ ద్వారా పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు, చెల్లింపులు ఆన్‌లైనునకు వచ్చినవి. కావున ఈ చిన్న పెట్టె నిలిచిపోయినచో కార్యాలయపు పని చాలవరకు నిలిచిపోవును. అది సరిగా అమరియుండనిచో అంతకంటెను చెడు జరుగవచ్చును. పని జరుగుచునే యుండును గాని, గ్రామము సొమ్మును, గ్రామస్థుల వివరములను కాపాడవలసిన తలుపు తెరచియుండును.

స్విచ్‌ను అమర్చుట సాంకేతిక నిపుణుని పని. అది ఎట్లు అమరియున్నదో తెలిసికొనుట, దాని తాళపుచెవులు ఎవరి యొద్ద నున్నవో విచారించుట పంచాయతీ పని. చెరువు తూము కట్టుట ఇంజనీరు పనియైనను, ఆ తూము ఎవరి యధీనమున నుండవలెనో చూచుకొనునది గ్రామమే గదా! ఈ రెండవ పనికి కావలసినంత తెలివిడిని సభ్యులకు అందించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మూడు పెట్టెలు, మూడు పనులు

2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకమును ఆమోదించినది. గ్రామ పంచాయతీలకు ఫైబర్ తీగను చేర్చుట దాని లక్ష్యము. తరువాత ఇదియే భారత్‌నెట్ అను పేరుతో ప్రసిద్ధమైనది. ఇట్టి ఫైబర్ తీగ కార్యాలయమునకు వచ్చి చేరు చోట ఒక పెట్టె యుండును. వెలుగు రూపమున వచ్చిన సంకేతములను అది విద్యుత్ సంకేతములుగా మార్చును. దాని తరువాత రూటరు. బయటి ప్రపంచమునకును, మన కార్యాలయమునకును నడుమ నున్న పొలిమేర అది. దాని తరువాత స్విచ్. ఇది పొలిమేర లోపల ఇంటింటికిని పోవు బాట. చిన్న కార్యాలయములలో రూటరు, స్విచ్ ఒకే పెట్టెలో ఇమిడియుండుటయు కలదు.

ఈ తేడా తెలిసియుండుట వలన లాభమున్నది. ఇంటర్నెట్టు రాకున్నను ఒక కంప్యూటరు నుండి కార్యాలయపు ప్రింటరుకు కాగితము పోవుచున్నచో, స్విచ్ పని చేయుచున్నదనియు, లోపము రూటరులోనో బయటి తీగలోనో ఉన్నదనియు చాలవరకు గ్రహింపవచ్చును. ఒక్క కంప్యూటరుకు మాత్రమే సంబంధము తెగి, స్విచ్ మీద దాని దీపము ఆరియున్నచో, మొదట చూడవలసినది తీగ. ఇంతమాత్రము తెలిసినను ఎవరిని పిలువవలెనో తెలియును; వృథా ప్రయాణములు తగ్గును.

స్విచ్ పని చేయు తీరు

నేడు కార్యాలయములలో వాడు ఈథర్నెట్ పద్ధతి 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున పుట్టినది. రాబర్ట్ మెట్‌కాఫ్, ఆయన సహచరులు దీనికి రూపమిచ్చిరి. తొలి దినములలో యంత్రములన్నియు ఒకే తీగను పంచుకొనెడివి. తరువాత హబ్ అను పెట్టె వచ్చినది. ఒక రంధ్రమున వచ్చిన వార్తను అది మిగిలిన రంధ్రములన్నిటికిని పంపెడిది. ఒక చేనికి పెట్టవలసిన నీటిని ఆయకట్టు అంతటిమీదికి వదలినట్లుండెడిది ఆ పద్ధతి. 1990లో కల్పన అను అమెరికా సంస్థ ఏడు రంధ్రముల ఈథర్నెట్ స్విచ్‌ను విపణిలోనికి తెచ్చిన పిదప ఈ స్థితి మారనారంభించినది.

స్విచ్ నేర్పరియైన నీరటి వంటిది. ఏ చేనికి ఏ కాలువ పోవునో నీరటి ఎరిగినట్లే, ఏ యంత్రము ఏ రంధ్రమున నున్నదో స్విచ్ ఎరుగును. ఈ రంధ్రములనే పోర్టులందురు. నెట్‌వర్కులో చేరు ప్రతి పరికరమునకును తయారీనాడే ఒక గుర్తు సంఖ్య ఇయ్యబడును. దానిని మ్యాక్ అడ్రసు అందురు. ఒక యంత్రము వార్త పంపగానే స్విచ్ దాని గుర్తును, అది వచ్చిన పోర్టును తన పట్టికలో వ్రాసికొనును. పిదప ఆ యంత్రమునకు వార్త వచ్చినచో నేరుగా ఆ పోర్టునకే చేర్చును. గుర్తు తెలియని యంత్రమునకు వార్త వచ్చినపుడు మాత్రము అన్ని పోర్టులకును పంపి చూచును. కొంతసేపు, సాధారణముగా ఐదు నిమిషములు, ఒక యంత్రము మాటలాడకున్నచో దాని పేరును పట్టికనుండి తొలగించును. కావున యంత్రమును ఒక పోర్టునుండి మరియొక పోర్టునకు మార్చినను స్విచ్ దానిని మరల కనుగొనును.

రెండు తెగల స్విచ్‌లు

విపణిలో రెండు తెగల స్విచ్‌లు దొరకును. మొదటిది సాదా స్విచ్. తీగలు తగిలించి విద్యుత్తు ఇచ్చినచో పని ప్రారంభించును. దానికి ఆజ్ఞలు ఇచ్చుటకు మార్గము లేదు. రెండవది మేనేజ్డ్ స్విచ్. ఏ పోర్టు తెరచియుండవలెను, ఏది మూసియుండవలెను, ఏ యంత్రములు ఒక గుంపుగా నుండవలెను అను విషయములను దీనికి మనము చెప్పవచ్చును. ఎప్పుడేమి జరిగెనో అది చిట్టా వ్రాసియుంచును.

రెండు మూడు కంప్యూటర్లు మాత్రమే యున్న కార్యాలయమునకు సాదా స్విచ్ చాలును. కెమెరాలు, ప్రజలకు వైఫై, చెల్లింపులు చేయు కంప్యూటరు ఒకే చోట నున్నపుడు మేనేజ్డ్ స్విచ్ అవసరము. దీనికి వెల ఎక్కువ. అయితే ఎక్కువ వెల పెట్టి కొని, దానికి ఏ ఆజ్ఞయు ఇయ్యక సాదా స్విచ్ వలె వాడుకొనుట ధనమును వృథా చేయుటయే.

ఆజ్ఞలు ఇచ్చు మార్గములు

మేనేజ్డ్ స్విచ్‌కు ఆజ్ఞలు ఇచ్చుటకు నాలుగు ముఖ్య మార్గములు కలవు.

మొదటిది కన్సోలు పోర్టు. నిపుణుడు తన కంప్యూటరును ప్రత్యేకమైన తీగతో స్విచ్‌కు నేరుగా కలిపి ఆజ్ఞలు వ్రాయును. నెట్‌వర్కు అంతయు నిలిచిపోయినను ఈ మార్గము పని చేయును. చిన్న తరహా మేనేజ్డ్ స్విచ్‌లు కొన్నిటికి ఈ పోర్టు ఉండదు. కొనుటకు ముందే విచారించుట మేలు.

రెండవది బ్రౌజరు ద్వారా. స్విచ్‌కు ఒక ఐ.పి. అడ్రసు ఇచ్చి, దానిని బ్రౌజరులో వ్రాసినచో స్విచ్ తన అమరిక పేజీని చూపును. కొత్తవారికి ఇది సులభము. ఈ పేజీ హెచ్.టి.టి.పి.ఎస్. అను రహస్య పద్ధతిలో తెరచుకొనునట్లు చూచుకొనవలెను.

మూడవది దూరమునుండి ఆజ్ఞలు వ్రాయుట. దీనికి పూర్వము టెల్నెట్ అను పద్ధతి వాడెడివారు. అందు పాస్‌వర్డు పోస్టుకార్డు మీది వ్రాత వలె దారిలో ఎవరైనను చదువుకొనునట్లు పోవును. దాని స్థానమున ఎస్.ఎస్.హెచ్. అను పద్ధతిని వాడవలెను. ఇది మూసి అంటించిన కవరు వంటిది.

నాలుగవది ఒకే చోటనుండి అనేక స్విచ్‌లను కనిపెట్టి చూచు పద్ధతి. ఎస్.ఎన్.ఎం.పి. అను విధానము ద్వారా స్విచ్ తన స్థితిగతులను కేంద్రమునకు తెలుపును. దీని పాత రూపములు పాస్‌వర్డు వంటి మాటను రహస్యముగా నుంచవు. కావున మూడవ రూపమును వాడుట మంచిది. అవసరము లేనిచో దీనిని మూసివేయుట ఇంకను మంచిది.

మొదటి దినమున చేయవలసినవి

కొత్త స్విచ్ వచ్చిన నాడు, తీగలు తగిలించుటకు ముందే, ఈ పనులు వరుసగా జరుగవలెను.

1. తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డును మార్చవలెను. అనేక స్విచ్‌లకు పేరు, పాస్‌వర్డు రెండును ఒకే మాటగా నుండును. అవి ప్రతి పరికరపు పుస్తకమునను అచ్చువేయబడియున్నవి గనుక ఎవరికైనను తెలియును.

2. స్విచ్‌కు ఒక పేరు, మారని ఐ.పి. అడ్రసు ఇయ్యవలెను. ఆ రెండింటిని చీటీపై వ్రాసి పెట్టెకు అంటింపవలెను. పాస్‌వర్డును మాత్రము ఎన్నడును అంటింపరాదు.

3. టెల్నెట్ మార్గమును మూసివేయవలెను. వాడని పోర్టులను ఆజ్ఞ ద్వారా మూసియుంచవలెను. ఖాళీ పోర్టు గడియ వేయని కిటికీ వంటిది. దారిని పోవువాడు తీగ తగిలించినను కార్యాలయపు నెట్‌వర్కులో ప్రవేశించును.

4. గడియారమును సరిచేయవలెను. ఇంటర్నెట్టు నుండి కాలమును తనంత తాను తెలిసికొనునట్లు స్విచ్‌ను అమర్చవచ్చును. గడియారము తప్పినచో చిట్టాలోని తేదీలకు విలువ యుండదు.

5. తయారీదారు విడుదల చేసిన కొత్త ఫర్మ్‌వేర్ ఉన్నదేమో చూచి, దానిని ఎక్కింపవలెను. పాత వానిలో బయటపడిన లోపములను ఇది సరిచేయును. ఎక్కించుచుండగా విద్యుత్తు పోరాదు.

6. అమరికను భద్రపరుపవలెను. అనేక స్విచ్‌లలో మనమిచ్చిన ఆజ్ఞ వెంటనే అమలులోనికి వచ్చునుగాని, సేవ్ అను ఆజ్ఞ ఇచ్చువరకు స్థిరముగా నిలువదు. విద్యుత్తు పోయి వచ్చినచో, చేసిన మార్పు మాయమగును. విద్యుత్తు తరచుగా పోవు గ్రామములలో ఈ ఒక్క పొరపాటే పలుమారులు చిక్కులు తెచ్చును.

గట్లు వేయుట

ఒకే ఆయకట్టులో వరి, చెరకు, మిరప ఉన్నచో మడికిని మడికిని నడుమ గట్టు వేయుదుము. స్విచ్‌లోను అట్లే గట్లు వేయవచ్చును. ఈ ఏర్పాటును వీలాన్ అందురు. పెట్టె ఒక్కటే అయినను, అందులో అనేక స్విచ్‌లు ఉన్నట్లు ఇది నడచును. వేరు వేరు తయారీదారుల స్విచ్‌లు ఒకే రీతిగా వీలాన్‌లను గుర్తించుటకై 802.1క్యూ అను ప్రమాణము 1998లో వెలువడినది. ఆ ప్రమాణము ప్రకారము వీలాన్‌లకు 1 నుండి 4094 వరకు సంఖ్యలు ఇయ్యవచ్చును. సాధారణముగా కొత్త స్విచ్‌లో అన్ని పోర్టులును 1వ వీలాన్‌లో నుండును. అనగా గట్లు లేని చేను.

ఇరువదినాలుగు పోర్టుల స్విచ్ ఉన్న కార్యాలయమునకు ఒక మాదిరి ఏర్పాటు చెప్పుచున్నాము. 1 నుండి 10 వరకు గల పోర్టులు కార్యాలయ కంప్యూటర్లకు, ప్రింటరుకు. వీటికి వీలాన్ 10. 11 నుండి 16 వరకు కెమెరాలకు, వాటి దృశ్యములను భద్రపరచు రికార్డరుకు, వీలాన్ 20. 17 నుండి 20 వరకు ప్రజల వైఫై పరికరములకు, వీలాన్ 30. 21 నుండి 23 వరకు మూసియుంచవలెను. 24వ పోర్టు రూటరుకు పోవును. మూడు వీలాన్‌ల రాకపోకలును ఈ ఒక్క తీగ మీదనే సాగును గనుక దీనిని ట్రంకు పోర్టుగా అమర్తురు.

దీని వలన ప్రయోజనమేమి? కార్యాలయపు వరండాలో కూర్చుండి ఉచిత వైఫై వాడుకొను వ్యక్తి ఫోనులో చెడు ప్రోగ్రాము ఉన్నదనుకొందము. గట్లు లేనిచో అది చెల్లింపుల కంప్యూటరు తలుపును నేరుగా తట్టగలదు. గట్టు ఉన్నచో అది వీలాన్ 30 లోనే ఆగిపోవును. కెమెరాల విషయమును ఇట్టిదే. అయితే ఒక హెచ్చరిక. గట్టు వేయుట స్విచ్ పని. గట్టునకు గండి పడకుండ చూచుట రూటరు పని. ఒక వీలాన్ నుండి మరియొక వీలాన్‌కు పోరాదని రూటరులో నిషేధము వ్రాయనిచో, రూటరే వాటిని కలిపివేయవచ్చును. రెండును జరిగినవో లేదో నిపుణుని అడిగి, పరీక్ష చేయించి చూడవలెను. ప్రజల వైఫైకి కలిసిన ఫోను నుండి కార్యాలయ కంప్యూటరు చేరరాదు. అదియే పరీక్ష.

వలయము, దొంగ రూటరు

గ్రామ కార్యాలయములలో జరుగుటకు వీలున్న రెండు ప్రమాదములను ఇక్కడ చెప్పుట అవసరము.

మొదటిది వలయము. గది ఊడ్చునపుడు వ్రేలాడుచున్న తీగ కొసను చూచి, ఊడినదేమో అని ఎవరో దానిని ఖాళీ పోర్టులో దూర్తురు. ఆ తీగ రెండవ కొసయు అదే స్విచ్‌లో నున్నచో వలయ మేర్పడును. అందరికిని పంపు వార్త ఆ వలయమున పడి తిరుగుచు, తనవంటి వాటిని పెంచుచు, కొద్ది క్షణములలో నెట్‌వర్కును ముంచివేయును. దీపములన్నియు ఎడతెగక కొట్టుకొనును. ఏ పనియు జరుగదు. దీనికి విరుగుడుగా స్పానింగ్ ట్రీ అను పద్ధతిని 1985లో రేడియా పెర్ల్‌మన్ అను శాస్త్రజ్ఞురాలు రూపొందించినది. వలయమున్నచో కనిపెట్టి ఒక దారిని మూసివేయుట దాని పని. మేనేజ్డ్ స్విచ్‌లో ఇది పని చేయుచున్నదో లేదో చూడవలెను. సాదా స్విచ్‌లలో సాధారణముగా ఇది ఉండదు.

రెండవది దొంగ రూటరు. ఎవరో ఇంటినుండి పాత వైఫై రూటరు తెచ్చి స్విచ్‌కు తగిలింతురు. అది తానే పొలిమేరనని తలచి, కంప్యూటర్లకు తప్పు ఐ.పి. అడ్రసులు పంచుట మొదలిడును. కొన్ని యంత్రములు పని చేయును, కొన్ని చేయవు, కారణము తెలియదు. డి.హెచ్.సి.పి. స్నూపింగ్ అను ఏర్పాటు చేసినచో, అడ్రసులు పంచు అధికారము 24వ పోర్టునకు మాత్రమే యుండును. అనుమతి లేని పరికరమును స్విచ్‌కు తగిలింపరాదని కార్యాలయమున వ్రాసి పెట్టుటయు మంచిదే.

తీగ, విద్యుత్తు, పిడుగు

అమరిక ఎంత బాగున్నను పెట్టె పాడైనచో ఫలితము లేదు. రాగి తీగపై ఈథర్నెట్ ఒక్కొక్క బారకు 100 మీటర్లకు మించి పోరాదు. అంతకు మించిన దూరమునకును, ఒక భవనమునుండి మరియొక భవనమునకును ఫైబర్ తీగయే తగినది. బయట వ్రేలాడు రాగి తీగ పిడుగు పడినపుడు ఆ విద్యుత్తును స్విచ్‌కు తేగలదు. ఫైబరులోని గాజు పోగుకు ఆ ప్రమాదము లేదు. స్విచ్‌కు ఎర్తింగు, యు.పి.ఎస్. తప్పక ఉండవలెను. గాలి ఆడు చోట, తడి తగులని చోట, తాళము వేయు చిన్న బీరువాలో దానిని ఉంచవలెను.

కెమెరాలకు నెట్‌వర్కు తీగ ద్వారానే విద్యుత్తు ఇచ్చు పద్ధతి యున్నది. దీనిని పి.ఓ.ఇ. అందురు. దీనిలో ఒక ప్రమాణము పోర్టుకు 15.4 వాట్ల వరకు, మరియొకటి 30 వాట్ల వరకు ఇచ్చును. పోర్టుల లెక్కనే చూడక, స్విచ్ మొత్తముమీద ఎన్ని వాట్లు ఇయ్యగలదో చూచి కొనవలెను.

తాళపుచెవి ఎవరి యొద్ద?

ఇంతవరకు చెప్పినదంతయు నిపుణుడు చేయు పనులే. ఇక పంచాయతీ స్వయముగా చేయవలసినది చెప్పుచున్నాము. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే.

స్విచ్‌ను అమర్చిన వ్యక్తి యొక్కనికే పాస్‌వర్డు తెలియుననుకొందము. అతడు వేరొక చోటికి పోయెను. కొన్ని నెలల పిదప కొత్త కంప్యూటరు వచ్చినది. మూసియున్న పోర్టును తెరువవలెను. పాస్‌వర్డు తెలిసినవారు లేరు. చివరకు ఫ్యాక్టరీ రీసెట్ చేయుదురు. దానితో పాస్‌వర్డుతో పాటు వీలాన్‌లు, మూసిన పోర్టులు, మిగిలిన అమరిక అంతయు తుడుచుకొనిపోవును. సాదా స్విచ్ వలె అది మరల పని చేయుటచే అందరును సంతోషింతురు. గట్లు పోయిన సంగతి ఎవరికిని తెలియదు. నష్టము జరిగిన నాడు గాని అది బయటపడదు.

ఇది జరుగకుండుటకు పంచాయతీ ఒక తీర్మానము ద్వారా ఈ ఐదు ఏర్పాట్లు చేసికొనవలెను.

1. ఏ పోర్టునకు ఏ యంత్రము కలిసినదో చూపు పటము ఒకటి కాగితముపై గీయించి రికార్డులో నుంచుట. తీగ రెండు కొసలకును సంఖ్య వేయించుట.

2. పాస్‌వర్డును కవరులో పెట్టి, మూసి, సర్పంచి, కార్యదర్శి సంతకములతో బీరువాలో భద్రపరచుట. తెరచినపుడెల్ల తేదీ, కారణము వ్రాయుట. బాధ్యులు మారినపుడు పాస్‌వర్డును మార్చుట.

3. అమరిక ప్రతిని స్విచ్ నుండి తీసి రెండు చోట్ల భద్రపరచుట. మార్పు జరిగినపుడెల్ల కొత్త ప్రతి తీయించుట. ఈ ప్రతి యున్నచో స్విచ్ కాలిపోయినను అదే రకపు కొత్త స్విచ్‌ను స్వల్ప కాలములో సిద్ధము చేయవచ్చును.

4. స్విచ్ కొనుగోలు లేక నిర్వహణ ఒప్పందములో పటము, పాస్‌వర్డు, అమరిక ప్రతి పంచాయతీకి అప్పగించిన పిదపనే తుది బిల్లు చెల్లింపబడునని వ్రాయించుట.

5. ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేసిరో వ్రాయు చిన్న పుస్తకము స్విచ్ చెంత నుంచుట. మార్పులు కార్యాలయపు వేళలు ముగిసిన తరువాత చేయించుట.

చొరబాటు జరిగినట్లు అనుమానము కలిగినచో యంత్రములను తుడిచివేయక, ముందుగా పై అధికారులకు తెలుపవలెను. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అను కేంద్ర సంస్థ ఇచ్చిన ఆదేశముల ప్రకారము ఇట్టి ఘటనలను గమనించిన ఆరు గంటలలోగా ప్రభుత్వ సంస్థలును దానికి తెలుపవలసియున్నది. చిట్టాలను నూట ఎనుబది దినములు భద్రపరుపవలెననియు అందు చెప్పబడినది. గడియారమును సరిగా నుంచవలెనని పైన చెప్పుటకు ఇదియు ఒక కారణము.

రాబోవు సమావేశమున సభ్యులు కార్యదర్శిని మూడు ప్రశ్నలు అడుగవలెనని కోరుచున్నాము. మన స్విచ్ పాస్‌వర్డు మార్చబడినదా, అది ఎవరి యొద్ద నున్నది? ప్రజల వైఫై నుండి కార్యాలయ కంప్యూటరును చేరుటకు వీలున్నదా, లేదా? ఈ రాత్రి స్విచ్ కాలిపోయినచో రేపు దానిని మరల నిలుపుటకు అమరిక ప్రతి యున్నదా? ఈ మూడింటికి సరియైన సమాధానము లభించినచో ఆ పెట్టె గ్రామము ఆస్తియై, గ్రామము చేతిలో నున్నట్లే. లభించనిచో నిపుణుని పిలిపించుటకు ఆ సమావేశముననే తేదీ నిర్ణయించుట యుక్తము.